మీరడిగారు: సోషియాలజీ మేజర్ తీసుకోవచ్చా?

డిగ్రీలో ఏ సబ్జెక్టు మెయిన్‌గా తీసుకోవాలో తేల్చుకునే టైమ్ కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సోషియాలజీ గురించే ఎక్కువ ఉన్నాయి. ఒకేలాంటివి కలిపేశాను, పేర్లు తీసేశాను, మరీ పొడుగ్గా ఉన్నవి కత్తిరించాను, ఏమనుకోకండి. నేను ఈ సబ్జెక్టు చదువుకుని ఇదే పాఠంగా చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు మీరే తగ్గించుకుని చదవండి.

మేడమ్, నాకు సోషియాలజీ అంటే ఇంట్రెస్ట్. కానీ మా అన్నయ్య "అందులో ఏముందే, అంతా కామన్ సెన్సే, రోజూ పేపర్ చదివితే సరిపోతుంది" అంటున్నాడు. నిజమేనా? – డిగ్రీలో చేరబోతున్న అమ్మాయి

మీ అన్నయ్యకి ఒక చిన్న టెస్ట్ పెట్టు తల్లీ, నేను ఫస్టియర్ వాళ్ళకి పెట్టేదే. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో అమెరికా సైన్యం తన సైనికుల మీదే పెద్ద ఎత్తున సర్వేలు చేయించింది, శామ్యూల్ స్టౌఫర్ అనే సోషియాలజిస్టు టీమ్ ఆ పని చేసింది, లక్షలమందిని అడిగారు. ఆ రిపోర్టులు అచ్చయ్యాక 1949లో ఇంకో సోషియాలజిస్టు పాల్ లాజర్స్‌ఫెల్డ్ వాటి మీద రివ్యూ రాస్తూ ముందు కొన్ని ఫలితాలు వరసగా పెట్టాడు. ఎక్కువ చదువుకున్న సైనికుల్లో తక్కువ చదువుకున్నవాళ్ళకన్నా మానసిక ఇబ్బందులు ఎక్కువ అని ఒకటి. పల్లెల్లో పెరిగినవాళ్ళు పట్నం కుర్రాళ్ళకన్నా సైన్యంలో హుషారుగా ఉన్నారని ఇంకొకటి. దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు బాగా ఎండలుండే దీవుల్లో ఉత్తరాది వాళ్ళకన్నా తట్టుకోగలిగారని మరొకటి. ఇవి మీ అన్నయ్యకి చదివి వినిపించు. "ఇది చెప్పడానికి సర్వే ఎందుకే, చదువుకున్నోడు ఎక్కువ ఆలోచిస్తాడు, పల్లెటూరోడికి కష్టం అలవాటే, ఎండల్లో పెరిగినోడికి ఎండ లెక్కేంటి" అంటాడు చూడు. అప్పుడు చెప్పు, సర్వేలో తేలింది వీటన్నిటికీ సరిగ్గా రివర్స్ అని. లాజర్స్‌ఫెల్డ్ కావాలనే తిరగేసి రాశాడు. పైగా ఆయన కొంటెతనం ఏంటంటే, అసలు ఫలితాలే ముందు చెప్పి ఉంటే వాటిని కూడా మీరు "ఆఁ తెలిసిందేగా" అనే అనేవాళ్ళు అని అక్కడే రాసి పెట్టాడు.

అదే సర్వేలో నాకు బాగా ఇష్టమైన సంగతి ఇంకోటుంది. మిలిటరీ పోలీసుల్లో ప్రమోషన్లు చాలా తక్కువ, ఎయిర్ కోర్ (విమాన దళం) వాళ్ళకి గబగబా వచ్చేసేవి. మరి "మీ దగ్గర ప్రమోషన్ ఛాన్సులు ఎలా ఉన్నాయి" అని అడిగితే ఎక్కువ గునిసింది ఎవరు? ఎయిర్ కోర్ వాళ్ళే. ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్ళకి వచ్చేస్తుంటే నాకెందుకు రాలేదు అని మంట, మిలిటరీ పోలీసుల్లోనేమో ఎవడికీ రాదు కాబట్టి రాలేదన్న బాధ కూడా పెద్దగా లేదు. దీన్ని రిలేటివ్ డిప్రివేషన్ అంటారు, మనిషి తనకి ఎంత ఉంది అన్నదానికన్నా ఎవరితో పోల్చుకుంటున్నాడు అన్నది పట్టించుకునే ఐడియా. తర్వాత జీతాలు, మార్కులు, ఉద్యమాలు ఎన్నిటినో దీంతో చదివారు. ఇది పేపర్ చదివితే వచ్చే విషయం కాదు, ఒక పద్ధతిలో అడిగితే, అడిగినవి లెక్కేస్తే, లెక్క మన అంచనాతో కుదరకపోతే అంచనా మార్చుకుంటే వచ్చే విషయం.

ఇక అసలు సోషియాలజీ ఏం చూస్తుంది అంటే, అమెరికా సోషియాలజిస్టు సి. రైట్ మిల్స్ 1959లో చెప్పిన ఉదాహరణకి మించింది నాకింకా దొరకలేదు. లక్షమంది ఉన్న ఊళ్ళో ఒక్కడికే ఉద్యోగం లేదనుకో, వాడి తెలివితేటలు, వాడి బద్ధకం, వాడి అదృష్టం గురించి మాట్లాడుకోవచ్చు. ఐదు కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే ఇంక ఒక్కొక్కడి బద్ధకం లెక్కపెట్టి లాభం లేదు, ఆ దేశంలో ఉద్యోగాలు తయారయ్యే ఏర్పాటులోనే ఏదో తేడా ఉంది. విడాకులైనా అంతే, డ్రాపవుట్ అయినా అంతే. ఈ చూపు నీకు ఇంట్రెస్టింగ్‌గా అనిపిస్తే చేరిపో. కామన్ సెన్స్ అని ఈజీగా పాసైపోదామని మాత్రం చేరకు, ఆ ధైర్యంతో చేరినవాళ్ళు మెథడ్స్ పేపర్ (పరిశోధన ఎలా చేయాలో నేర్పేది) దగ్గర బోల్తా పడటం ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నా.

నాకు లెక్కలంటే భయం, అందుకే ఆర్ట్స్ వైపు వచ్చాను. సోషియాలజీలో స్టాటిస్టిక్స్ ఉంటుందని సీనియర్ చెప్పాడు. తప్పించుకునే దారి ఉందా అక్కా?

ఉంది తమ్ముడూ, కొన్ని కాలేజీల్లో స్టాటిస్టిక్స్ ఆప్షనల్‌గా పెడతారు, వదిలేసి కూడా డిగ్రీ తెచ్చుకోవచ్చు. కానీ వదిలేయకు. ఈ కాలమ్ మొత్తంలో నేను గట్టిగా చెప్పే మాట ఏదన్నా ఉంటే ఇదే, మిగతావి నచ్చితే వినండి లేకపోతే లేదు.

ఎందుకో ఒక కేసు చెప్తా. 1973లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో పీజీ అడ్మిషన్లు చూస్తే అప్లై చేసిన మగవాళ్ళలో దాదాపు 44 శాతం మందికి సీట్లొచ్చాయి, ఆడవాళ్ళలో 35 శాతం మందికే. వేల అప్లికేషన్లు కాబట్టి ఏదో యాదృచ్ఛికంగా జరిగింది అనడానికి లేదు. ఇది చూసి మనం వెంటనే ఏమంటాం, వివక్ష అంటాం. అయితే ఏ డిపార్ట్‌మెంట్‌లో జరుగుతోందో పట్టుకుందామని పీటర్ బికెల్, ఇంకో ఇద్దరు కలిసి డిపార్ట్‌మెంట్ల వారీగా విడగొట్టి చూశారు, 1975లో సైన్స్ పత్రికలో రాశారు. విడగొట్టేసరికి ఆ తేడా చాలా డిపార్ట్‌మెంట్లలో కనపడకుండా పోయింది, కొన్నిట్లో ఆడవాళ్ళ వైపే కాస్త మొగ్గు కనిపించింది. సంగతేంటంటే ఆడవాళ్ళు ఎక్కువగా అప్లై చేసినవి సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ ఉన్న డిపార్ట్‌మెంట్లు, మగవాళ్ళు ఎక్కువ వెళ్ళినవి కాస్త సులువుగా సీటు దొరికేవి.

ఇక్కడితో అయిపోయిందా? "చూశారా వివక్ష లేదు" అని చాప చుట్టేసేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళూ సగంలో ఆగినవాళ్ళే. ఆడపిల్లలు అటువైపే ఎందుకు వెళ్తున్నారు, స్కూల్లో లెక్కల నుంచి వాళ్ళని ఎవరు ఎప్పుడు పక్కకి నెడుతున్నారు, ఏ డిపార్ట్‌మెంట్‌కి డబ్బులు ఎక్కువిచ్చి సీట్లు పెంచుతున్నారు, సోషియాలజీ మొదలయ్యేది అక్కడ. కానీ అక్కడిదాకా రావాలంటే ఆ పట్టికని విడగొట్టి చదవడం రావాలి కదా. దీనికి పెద్ద మ్యాథ్స్ ఏమీ అక్కర్లేదు, శాతాలు, సగటు, శాంపిల్ అంటే ఏంటి, రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అనలేం అన్న ఇంగితం, తర్వాత రిగ్రెషన్, అంటే ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే లెక్క. కూడికలు, గుణకారాలు కంప్యూటర్ చేసి పెడుతుంది. ఎస్‌పీఎస్‌ఎస్ గానీ స్టాటా గానీ ఆర్ గానీ ఏదో ఒక సాఫ్ట్‌వేర్ నేర్పుతారు, ఛాయిస్ ఉంటే ఆర్ నేర్చుకో, అది ఫ్రీ, డిగ్రీ అయిపోయాక కూడా నీ లాప్‌టాప్‌లో ఉంటుంది.

శాంపిల్ గురించి కూడా ఒక్క మాట. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటిమందికి కార్డులు పంపి, 20 లక్షలకి పైగా జవాబులు తెప్పించుకుని, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 60 శాతం పైనే ఓట్లతో గెలిచాడు. పంపిన అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీశారు, ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్ళెవరో ఆలోచించు, దానికి తోడు తిరిగి జవాబు రాసే ఓపిక ఉన్నవాళ్ళు కూడా ఒక రకం మనుషులే. అదే ఎన్నికల్లో జార్జ్ గాలప్ వాళ్ళకన్నా ఎంతో చిన్న శాంపిల్‌తో గెలిచేదెవరో సరిగ్గా చెప్పాడు. ఇప్పుడు ఎవరైనా "మా ఆన్‌లైన్ పోల్‌లో ఇంతమంది ఓటేశారు" అంటే నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న ఏంటో నీకే తెలిసిపోయింది, నీ లెక్కల భయం ఏమైంది మరి?

మా అమ్మాయి సోషియాలజీ అంటోంది. మేము వద్దనడం లేదు, కానీ చదివాక ఏం ఉద్యోగం వస్తుందో ఎవరూ స్పష్టంగా చెప్పడం లేదు. మీరైనా చెప్పండి. – ఒక తండ్రి

స్పష్టంగా చెప్పకపోవడానికి కారణం ఉందండీ. నర్సింగ్ చదివితే నర్సు, లా చదివితే లాయరు, అలా ఈ డిగ్రీ చివర రాసిపెట్టిన ఉద్యోగం పేరు లేదు. "సోషియాలజిస్ట్ కావలెను" అని ప్రకటన చూశారా ఎప్పుడైనా? ఆ పేరుతో ఉండే ఉద్యోగాలు ఎక్కువగా పీజీ, పీహెచ్‌డీ చేశాక యూనివర్సిటీల్లో, రీసెర్చ్ సంస్థల్లో ఉంటాయి, అవి తక్కువ. ఇది దాచిపెట్టి "బోలెడు అవకాశాలు" అని బ్రోషర్ భాష మాట్లాడటం నాకు చేతకాదు.

ఒట్టి డిగ్రీతో పిల్లలు వెళ్ళే చోట్లు చెప్తాను. మార్కెట్ రీసెర్చ్, సర్వే సంస్థలు, స్వచ్ఛంద సంస్థల్లో ప్రోగ్రామ్ పనులు, ముఖ్యంగా మానిటరింగ్ అండ్ ఇవాల్యుయేషన్ అంటారు, పెట్టిన ఖర్చుకి ఫలితం వచ్చిందా లేదా అని కొలిచే పని. హెచ్‌ఆర్, జర్నలిజం, ప్రభుత్వ పరీక్షలు, పబ్లిక్ హెల్త్. ఈమధ్య సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్ అని ఉంటోంది, జనం ఒక యాప్‌ని ఎలా వాడుతున్నారో కూర్చుని చూసి, మాట్లాడి రాసే పని, ఇంటర్వ్యూ చేయడం నేర్చుకున్న పిల్లకి అది చక్కగా కుదురుతుంది. లా గానీ సోషల్ వర్క్ గానీ ఎంబీఏ గానీ తర్వాత చేసేవాళ్ళూ చాలామంది. ఈ అన్నిట్లోనూ ఇంటర్వ్యూలో అడిగేది "సోషియాలజీలో ఎన్ని మార్కులు" అని కాదండీ, "నువ్వు చేసిన పని చూపించు" అని. అందుకని అమ్మాయి బయటికొచ్చేసరికి చేతిలో ఒక సొంత సర్వేనో, ఫీల్డ్ రిపోర్టో, డేటా ప్రాజెక్టో ఉండాలి, ఎవరైనా పది నిమిషాల్లో చదివి "ఈ పిల్ల చేయగలదు" అనుకునేలా. అది ఉన్న పిల్లలకీ లేని పిల్లలకీ తేడా చాలా ఉంటుంది, మార్కులు ఒకటే అయినా సరే.

మార్టిన్ లూథర్ కింగ్ 1948లో సోషియాలజీ బీఏ, మిషెల్ ఒబామా ప్రిన్స్‌టన్‌లో 1985లో సోషియాలజీ మేజర్, ఇలాంటి లిస్టులు కాలేజీ వాళ్ళు గోడల మీద రాస్తుంటారు. నిజమే గానీ దాన్ని బట్టి నిర్ణయం తీసుకోకండి, కింగ్ కింగ్ అయింది ఆ డిగ్రీ వల్ల కాదు.

ఉద్యోగాల మాట వచ్చింది కాబట్టి ఒకటి, ఇది సోషియాలజీ ఇచ్చిందే. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు అమెరికాలో బోస్టన్ పక్కన న్యూటన్ అనే చోట ఈమధ్యే ఉద్యోగం మారినవాళ్ళని అడిగాడు, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని "ఆ చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవాళ్ళు" అని. తరచూ కలిసేవాళ్ళు అన్నది 16.7 శాతం, అప్పుడప్పుడూ 55.6, అరుదుగా 27.8. అంటే దగ్గరివాళ్ళకన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ళే ఎక్కువ పనికొచ్చారు. దగ్గరి స్నేహితులకి మనకి తెలిసినవే తెలుస్తాయి, దూరపు పరిచయానికి వేరే లోకం వార్తలు తెలుస్తాయి అని ఆయన 1973లో రాసిన వివరణ. కాబట్టి అమ్మాయిని ఇంటర్న్‌షిప్‌లకీ, సెమినార్లకీ, ఊరు కాని ఊరు ఫీల్డ్‌వర్క్‌కీ వెళ్తానంటే ఆపకండి. మీరు వద్దనడం లేదన్నారు కదా, ఇది కూడా అందులో కలిపేసుకోండి.

సోషియాలజీ చదివితే పిల్లలు కమ్యూనిస్టులైపోతారట కదా?

మార్క్స్‌ని చదివిస్తాం. ఆయనతో జీవితాంతం వాదించినట్టుగా రాసిన వెబర్‌నీ చదివిస్తాం, సమాజం ముక్కలు కాకుండా ఎలా నిలబడుతోంది అన్న దిగులుతోనే రాసిన దుర్ఖైమ్‌నీ చదివిస్తాం, సమాజం సజావుగా నడిచే తీరు గురించి లావు పుస్తకాలు రాసిన పార్సన్స్‌నీ చదివిస్తాం. చివర్లో ఎక్కువమంది అయ్యేది నిద్ర లేనివాళ్ళు, సబ్మిషన్ డేట్ల వల్ల.

సెకండియర్‌లో ఉన్నాను. థియరీ పేపర్ చచ్చేంత కష్టంగా ఉంది. మార్క్స్, వెబర్, దుర్ఖైమ్, ఒక్కో వాక్యం అరపేజీ ఉంటోంది. నూట యాభై ఏళ్ళ క్రితం యూరప్ పెద్దమనుషులు రాసింది ఇప్పుడెందుకు?

కోపం అర్థమైంది బాబూ. కొంచెం న్యాయం కూడా ఉంది అందులో. చాలా చోట్ల థియరీని దేవుడి పటాల వరసలాగా చెప్తారు, ఈయన పుట్టిన తేదీ, ఈయన చెప్పిన మూడు రకాలు, ఆయన చెప్పిన నాలుగు రకాలు, పరీక్షలో దింపేయ్. అలా చదివితే ఎవరికైనా విసుగే.

ఇలా చదివి చూడు. ప్రతి రచయిత దగ్గర ఆయనకి నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటుంటుంది, ముందు అది పట్టుకో, వాక్యాలు తర్వాత. దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద పుస్తకం రాశాడు. మనిషి చేసే అంత ఒంటరి పని, అంత సొంత పని, మరి ఒక్కో దేశంలో దాని రేటు ఏళ్ళ తరబడి ఇంచుమించు ఒకే స్థాయిలో ఎందుకుంటోంది, పక్క దేశంలో వేరేగా ఎందుకుంటోంది అన్నది ఆయన ప్రశ్న. చనిపోయినవాళ్ళు మారుతున్నారు, రేటు మారట్లేదు. అయితే ఆ రేటు ఒక్కో మనిషి మనసులో లేదు, మనుషుల్ని కలిపి ఉంచే బంధాల్లో ఉంది అన్నాడు. ప్రొటెస్టెంట్లలో ఎక్కువ, కాథలిక్కుల్లో తక్కువ, పెళ్ళి కానివాళ్ళలో పెళ్ళయినవాళ్ళకన్నా ఎక్కువ, ఇలా పట్టికలు పెట్టుకుంటూ వెళ్ళాడు. ఇప్పుడు ఆయన మీద కొట్లాటకి దిగు. ఒక చావుని ఆత్మహత్య అని రికార్డులో రాసేది ఎవరు? పరువు కోసం, మతం కోసం వేరే కారణం రాయించే కుటుంబాలు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అయితే? ఈ ప్రశ్న తర్వాతివాళ్ళు గట్టిగానే అడిగారు. ఇంకోటి, దేశం మొత్తం అంకెలు చూసి అందులో ఒక్కో మనిషి గురించి చెప్పొచ్చా? అలా చెప్పలేమని విలియం రాబిన్సన్ 1950లో రాసింది ఇప్పటికీ మెథడ్స్ క్లాసులో చెప్తాం. అంటే నువ్వు థియరీ అనుకుని చదువుతున్నది నిజానికి మెథడ్స్ గొడవే, రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండూ తేలికవుతాయి.

యూరప్ పెద్దమనుషులు అన్నావు చూడు, అది కూడా మంచి పాయింట్. సోషియాలజీ అనే పేరు ఫ్రాన్స్ తత్వవేత్త ఆగస్ట్ కామ్ట్ 1838 ప్రాంతంలో వాడుకలోకి తెచ్చాడని చెప్తారు గానీ, ఆయన రచనని కుదించి 1853లో ఇంగ్లీషులోకి తెచ్చిన హారియెట్ మార్టినో తనే స్వయంగా అమెరికా తిరిగి అక్కడి సమాజం మీద రాసిన మనిషని చాలా సిలబస్‌లలో ఉండదు. నల్లజాతి అమెరికన్ సోషియాలజిస్టు డబ్ల్యూ. ఈ. బి. డు బోయిస్ అయితే ఫిలడెల్ఫియాలో నల్లజాతివాళ్ళు ఉండే వార్డులో ఇంటింటికీ తిరిగి అడిగి, మ్యాపులు గీసి, 1899లో పుస్తకం వేశాడు. మొదటి పెద్ద ఫీల్డ్ సర్వేల్లో అదొకటి, అయినా దశాబ్దాల పాటు ఫౌండర్స్ లిస్టులో ఆయన పేరు పెట్టలేదు. నీ సిలబస్‌లో లేకపోతే ఎందుకు లేదో అదే అసైన్‌మెంట్‌గా రాస్తానని మీ లెక్చరర్‌ని అడుగు, ఒప్పుకుంటే నీ అదృష్టం.

సమ్మరీలు చదవడం తప్పేం కాదు. ముందు సమ్మరీ చదివి, తర్వాత ఒరిజినల్‌లో పదీ పదిహేను పేజీలు మాత్రం నెమ్మదిగా చదువు. మొత్తం పుస్తకం చదివేశామని చెప్పేవాళ్ళని నమ్మకు.

సైకాలజీ, ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్, సోషియాలజీ, తేడా ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్క ముక్కలో కుదరదు గానీ, ఒక కుర్రాడు చదువు మానేశాడు అనుకోండి. వాడి మనసులో ఏం జరిగింది అని సైకాలజీ వైపు నుంచి అడుగుతారు, ఎలాంటి ఇళ్ళ పిల్లలు ఎక్కువగా మానేస్తున్నారు, స్కూలే వాళ్ళని ఎలా బయటికి నెడుతోంది అని సోషియాలజీ అడుగుతుంది, ఆంత్రోపాలజీ వాళ్ళు వెళ్ళి ఆ చోటే ఏడాది మకాం పెడతారు, సోషల్ వర్కర్ వాడిని మళ్ళీ బళ్ళో చేర్పించే పని చూస్తాడు. ఇప్పుడు ఈ గోడలు చాలావరకు పలచబడ్డాయి, సోషియాలజీ వాళ్ళూ మకాం పెడతారు. ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, మీకు కావాల్సింది నేరుగా మనుషులకి సాయం చేసే ఉద్యోగమైతే సోషల్ వర్క్ డిగ్రీ వేరే ఉంది, చాలా దేశాల్లో ఆ పనికి ఆ డిగ్రీయో లైసెన్సో కావాలి. సోషియాలజీ తీసుకుని మూడో ఏడాదిలో "ఇది సేవ కాదా" అని నీరుగారిపోయేవాళ్ళు ఉంటారు పాపం.

మాకు చిన్న ఫీల్డ్‌వర్క్ ప్రాజెక్టు ఇచ్చారు. హాస్టల్లో మా ఫ్రెండ్స్ మాట్లాడుకునేవి వాళ్ళకి తెలియకుండా నోట్ చేసుకుంటే న్యాచురల్‌గా వస్తుంది కదా అని అనుకుంటున్నా. ఓకేనా?

ఓకే కాదమ్మా. న్యాచురల్‌గా వస్తుంది నిజమే, దొంగచాటుగా తీసిన ఫోటో కూడా న్యాచురల్‌గానే వస్తుంది.

అమెరికాలో లాడ్ హంఫ్రీస్ అనే పరిశోధకుడు 1960ల్లో, మగవాళ్ళ మధ్య సంబంధం నేరంగా ఉన్న రోజుల్లో, పబ్లిక్ టాయిలెట్లలో రహస్యంగా కలుసుకునే మగవాళ్ళని గమనించాడు. అక్కడితో ఆగకుండా వాళ్ళ కారు నంబర్లు రాసుకుని, వాటితో అడ్రసులు పట్టుకుని, ఏడాది తర్వాత వేషం మార్చుకుని ఆరోగ్య సర్వే అని చెప్పి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ప్రశ్నలడిగాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు, వాళ్ళల్లో చాలామంది పెళ్ళయి మామూలు సంసారం చేసుకునేవాళ్ళే అని చూపించాడు, పోలీసుల అపోహలకి అది జవాబు. కానీ ఆ కాగితాలు ఎవరి చేతిలోనైనా పడి ఉంటే ఆ మనుషుల ఉద్యోగాలు, కాపురాలు ఏమయ్యేవి? 1970లో పుస్తకం వచ్చినప్పటి నుంచీ ఎథిక్స్ క్లాసులో ఆ కేసు చెప్తూనే ఉన్నారు. మీ ఫ్రెండ్స్ విషయంలో అంత ప్రమాదం లేదు సరే, అయినా ముందు చెప్పి, ఒప్పించి, పేర్లు మార్చి రాయాలి. వద్దన్నవాళ్ళని వదిలేయాలి. మొదట్లో కాస్త బిగుసుకుంటారు, తర్వాత నువ్వున్నావన్న సంగతే మర్చిపోతారు, విలియం వైట్ బోస్టన్‌లో ఇటాలియన్ కుర్రాళ్ళ గుంపుతో కలిసి మెలిగి 1943లో రాసింది అలా వాళ్ళలో ఒకడైపోయి తిరిగాకే. ప్రశ్నలు గుచ్చి గుచ్చి అడగకుండా ఊరికే కూర్చుంటే, అడగాలని కూడా తోచని వాటికి జవాబులు దొరికాయని ఆయనే చెప్పుకున్నాడు.

ఇంకో రెండు చిన్న సలహాలు. నోట్సు అదే రోజు రాత్రి రాసేయ్, పొద్దున్నకి సగం ఎగిరిపోతుంది. కాపీలు వేరే వేరే చోట్ల పెట్టు. మన దేశపు సోషియాలజిస్టు ఎం. ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గరి పల్లెలో ఉండి చేసిన ఫీల్డ్‌వర్క్ నోట్సు సర్దిపెట్టుకుని 1970లో స్టాన్‌ఫర్డ్‌లో కూర్చుని రాద్దామనుకుంటే ఎవరో నిప్పు పెట్టడం వల్ల ఆ మూడు కాపీలూ అక్కడే కాలిపోయాయి, మూడూ ఒకే చోట ఉండటం వల్ల. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి 1976లో పుస్తకం తెచ్చాడు, అది క్లాసిక్ అయింది. మనకి అంత జ్ఞాపకం ఉండదు కాబట్టి క్లౌడ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి.

అసైన్‌మెంట్లు ఏఐతో రాయిస్తే తెలిసిపోతుందా?

తెలిసినా తెలియకపోయినా, అది లేని పుస్తకాలకి పేజీ నంబర్లు కూడా ఇస్తుంది, ఆ పేజీ చూపించమంటే ఏం చేస్తావు? ఇంటర్వ్యూ రాతకి దించడానికి, రాసింది సరిచూసుకోవడానికి మీ కాలేజీ ఒప్పుకుంటే వాడుకో. ఎవరితో మాట్లాడావు, ఏమన్నారు అన్నది నీ దగ్గర లేకపోతే అది ఎక్కడి నుంచి తెస్తుంది?

సోషియాలజీలో చేరి ఏడాది అయింది. జెండర్, క్లాస్, పవర్ అన్నీ కనిపించడం మొదలయ్యాక ఇంట్లో అందరితో గొడవే. నాన్నతో, బాబాయితో, చివరికి అమ్మతో కూడా. "నిన్ను చదివించింది మమ్మల్ని తిట్టడానికా" అంటోంది అమ్మ. ఏం చేయాలి?

మొదటి ఏడాది చాలామందికి వచ్చే జ్వరమే ఇది, కంగారు పడకు. కొత్తగా నేర్చుకున్న మాటలు నోట్లో ఆగవు, అన్నం దగ్గర కూర్చోగానే పితృస్వామ్యం అని మొదలెడతాం. నువ్వు చూసింది తప్పని అనను, చాలావరకు సరిగ్గానే చూసి ఉంటావు. కానీ ఒక్కటి గమనించు, ఇంట్లో నువ్వు జవాబులతో వెళ్తున్నావు, ఫీల్డ్‌కి ఎవరూ జవాబులతో వెళ్ళరు కదా.

అమెరికా సోషియాలజిస్టు ఆర్లీ హాక్‌షీల్డ్ ఉద్యోగాలు చేసే భార్యాభర్తల ఇళ్ళలో కూర్చుని, ఆఫీసు నుంచి వచ్చాక ఆడవాళ్ళు ఇంట్లో ఇంకో డ్యూటీ చేస్తున్నారని 1989లో రాసింది. అందులో నాకు గుర్తుండిపోయింది ఆ లెక్క కాదు, పనంతా ఒకరే చేస్తున్నా "మేము సగం సగం చేసుకుంటున్నాం" అని ఇద్దరూ నమ్మే దంపతులు. అలా నమ్మకపోతే ఆ కాపురం నిలబడదని వాళ్ళకి లోపల తెలుసు. మీ అమ్మ నిన్ను విసుక్కోవడంలో కూడా అలాంటిదేదో ఉండొచ్చు, ఆవిడ ఏళ్ళ తరబడి సర్దుకుని కట్టుకున్నదాన్ని నువ్వు క్లాసు నోట్సుతో కూల్చేస్తున్నావేమో.

అందుకని వాదన పక్కన పెట్టి అమ్మని ఇంటర్వ్యూ చెయ్యి. నిజంగానే, రికార్డర్ పెట్టి, పర్మిషన్ అడిగి. ఆవిడకి ఏం చదవాలని ఉండేది, ఎవరు ఆపారు, ఆవిడ మొదటిసారి తన చేతుల మీదుగా డబ్బు ఎప్పుడు ఖర్చుపెట్టింది, ఇంట్లో ఏ నిర్ణయం ఆవిడది. మధ్యలో థియరీ చెప్పకు. తర్వాత నాన్నని కూడా. అలాగే ఒక వారం పాటు ఇంట్లో ఎవరు ఏ పని ఎన్ని గంటలు చేశారో కాగితం మీద గళ్ళు గీసి రాయి, టైమ్ యూజ్ సర్వే అంటే అదే, పెద్ద పెద్ద సంస్థలు చేసేదీ అదే. అందులో నీ పేరు మీద కూడా ఒక వరస పెట్టు, అది కూడా అమ్మ చేత సరిచూయించు.